ఇటలీ కళల వేసవి కోర్సు: ఎంచుకోవడం, సిద్ధపడడం, అక్కడ చదువుకోవడం

వేసవి సెలవుల్లో నాలుగు నుంచి ఎనిమిది వారాల పాటు విద్యార్థులను ఇటలీలో ఉంచి, అక్కడి నగరాల్లోనే కళాచరిత్ర, భాష, సంస్కృతి పాఠాలు చెప్పి, మామూలు సెమిస్టరులో మాదిరిగానే క్రెడిట్లు ఇచ్చే కోర్సులు ఎన్నో విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. అమెరికాలో చదువుతున్న తెలుగు విద్యార్థులకు ఇవి తమ క్యాంపస్‌లోని స్టడీ అబ్రాడ్ కార్యాలయం ద్వారానే అందుబాటులో ఉంటాయి. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో చదివేవారు ఇటలీ విశ్వవిద్యాలయాల వేసవి కోర్సులకు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఎవరైనా ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటుంది. ఈ చదువు విలువంతా కళాఖండం ఎదుట నిలబడి గడిపే సమయంలోనే ఉంటుంది. కోర్సును ఎంచుకోవడం మొదలు బస కుదుర్చుకోవడం దాకా ప్రతి నిర్ణయాన్నీ ఆ సమయం పెరుగుతుందా, తరుగుతుందా అన్న ప్రశ్నతోనే తేల్చుకోవాలి.

ఇటలీ కళలో మేలైన భాగం కదిలించడానికి వీలు లేనిది కావడమే దీనికి కారణం. చిత్రకారుడు మసాచ్చో 1427 ప్రాంతంలో గీసిన ‘త్రిత్వం’ ఫ్లోరెన్స్‌లోని శాంతా మరియా నొవెల్లా చర్చి గోడలో భాగమై ఉంది. కదిలించగలిగినవి కూడా చాలావరకు పుట్టిన ఊళ్లోనే మిగిలాయి. ఫ్లోరెన్స్‌ను ఏలిన మెడిచి వంశపు చివరి వారసురాలు ఆన్నా మరియా లుయీజా 1737లో తమ కుటుంబ సేకరణలు ఫ్లోరెన్స్ దాటి పోకూడదని కొత్త పాలకులతో ఒప్పందం చేసుకుంది. చిత్రకారుడు బొత్తిచెల్లి చిత్రాలను ఈనాటికీ అక్కడి ఉఫీజీ మ్యూజియంలోనే చూడగలుగుతున్నామంటే ఆమె ముందుచూపుకు ఋణపడి ఉండాలి. పుస్తకంలో అరచేయంత కనిపించే బొమ్మ అసలు ఎంత ఎత్తున ఉందో, దాని మీద వెలుగు ఏ కిటికీలోంచి పడుతుందో, దాని ముందు మోకరిల్లినవారు ఎక్కడ మోకరిల్లేవారో అక్కడికి వెళితే తప్ప తెలియదు.

కోర్సును ఎంచుకోవడం

స్థూలంగా మూడు దారులు ఉన్నాయి. మీ విశ్వవిద్యాలయపు ఆచార్యులే ఒక బృందాన్ని వెంటబెట్టుకుని వెళ్లే కోర్సు మొదటిది. అమెరికా విశ్వవిద్యాలయాలు ఇటలీలో శాశ్వతంగా నడిపే కేంద్రాలు రెండోది. ఫ్లోరెన్స్‌లో సిరక్యూస్, న్యూయార్క్ విశ్వవిద్యాలయాలకూ, టస్కనీ కొండ మీది కొర్తోనా పట్టణంలో జార్జియా విశ్వవిద్యాలయానికీ ఇటువంటి కేంద్రాలు ఉన్నాయి. కొన్నింటిలో ఇతర విశ్వవిద్యాలయాల విద్యార్థులను కూడా చేర్చుకుంటారు. పెరూజియా, సియెనా నగరాల్లో విదేశీయుల కోసమే ఉన్న ఇటలీ విశ్వవిద్యాలయాలు మూడోది. భాషను ప్రధానంగా నేర్చుకుంటూ పక్కన కళ, చరిత్ర చదవాలనుకునేవారికి, ముఖ్యంగా భారతదేశం నుంచి సొంతంగా వెళ్లేవారికి, ఈ మూడో దారి అనువైనది. అమెరికా కేంద్రాల కంటే ఖర్చు కూడా సాధారణంగా తక్కువే అవుతుంది.

ప్రకటనలో అందమైన ఫొటోలు అన్ని కోర్సులకూ ఉంటాయి కాబట్టి వాటిని పక్కన పెట్టి, నిరుటి సిలబస్ అడిగి తెప్పించుకుని నిదానంగా చదవండి. వారంలో ఎన్ని తరగతులు గదిలో జరుగుతాయో, ఎన్ని చర్చిల్లో, మ్యూజియంలలో జరుగుతాయో అందులో తెలుస్తుంది. సగానికి సగమైనా బయట జరగని కోర్సుకు అంత దూరం వెళ్లనక్కర లేదని నా అభిప్రాయం. ఆ తరువాత చూడవలసింది ఊళ్ల సంఖ్య. నాలుగు వారాల్లో ఎనిమిది నగరాలు చూపిస్తామనే కోర్సులో విద్యార్థి బస్సులోనూ, రైల్లోనూ, హోటల్లో పెట్టె విప్పి సర్దడంలోనూ రోజులు గడుపుతాడు. ఒక ఊళ్లో నిలకడగా ఉండి, వారాంతాల్లో రెండు మూడు ఊళ్లు చూపించే కోర్సు ఎప్పుడూ మేలు. చివరగా, ఇచ్చే పని ఎటువంటిదో చూడాలి. ‘పునరుజ్జీవన కళను వివరించుము’ అనే ప్రశ్నకు సమాధానం మీ ఇంట్లో కూర్చునే రాయవచ్చు. ఫలానా చాపెల్‌లోని (చిన్న ప్రార్థనా మందిరంలోని) రెండు గోడల మీద ఒక చిత్రకారుడి చెయ్యి ఆగి మరొకరి చెయ్యి మొదలైన చోటును గుర్తించమని అడిగే కోర్సు మాత్రం మిమ్మల్ని అక్కడికి నడిపిస్తుంది.

ఏ నగరం అన్నది మీ ఆసక్తిని బట్టి ఉంటుంది. పదిహేనో శతాబ్దపు చిత్రకళ, శిల్పం, వాస్తుకళ కోసమైతే ఫ్లోరెన్స్‌ను మించినది లేదు. ముఖ్యమైనవన్నీ కాలినడక దూరంలో ఉంటాయి కనుక మొదటిసారి వెళ్లేవారికి నేను దాన్నే సూచిస్తాను. ప్రాచీన రోమన్ కట్టడాలు, పదిహేడో శతాబ్దపు చిత్రకారుడు కరవాజ్జో, శిల్పి బెర్నీని మనసుకు పట్టినవారికి రోము సరైనది. వెనిస్‌లో రంగును గురించి నేర్చుకోవచ్చు కానీ, బస ఖర్చు ఎక్కువ, వేసవిలో జనం కూడా ఎక్కువ.

క్రెడిట్లు, డబ్బు

వేసవిలో రెండు కోర్సులు తీసుకుని ఆరు క్రెడిట్లు సంపాదించడం అమెరికా కార్యక్రమాల్లో మామూలు పద్ధతి. అయితే ఆ క్రెడిట్లు మీ డిగ్రీలో దేని కింద జమ అవుతాయన్నది వెళ్లక ముందే అడ్వైజరుతో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఇంజనీరింగ్ చదివేవారికి ఇవి సాధారణంగా హ్యుమానిటీస్ కోటాలో పనికివస్తాయి. ఇటలీ విశ్వవిద్యాలయాలు యూరప్ క్రెడిట్ పద్ధతిని పాటిస్తాయి. అందులో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల మొత్తం పని అని లెక్క. భారతదేశంలో చదివేవారు ఈ లెక్కను, సిలబస్‌ను కలిపి తమ విభాగాధిపతికి ముందుగానే చూపించి అనుమతి పత్రం తీసుకోవాలి. క్రెడిట్లు జమ కాకపోయినా వెళ్లదలచుకుంటే అదీ మంచి నిర్ణయమే, కానీ తెలిసి తీసుకున్న నిర్ణయం కావాలి.

ప్రకటించిన ఫీజులో ఏవి కలిసి ఉన్నాయో, ఏవి లేవో ఒక కాగితం మీద రాసుకోండి. చాలా కార్యక్రమాల్లో ట్యూషన్, బస, కోర్సులో భాగమైన మ్యూజియం టికెట్లు కలిసి ఉంటాయి. విమాన ఛార్జీ, వీసా, బీమా, రోజువారీ తిండి, వారాంతపు ప్రయాణాలు మన చేతి ఖర్చు. అమెరికా పౌరసత్వం ఉండి, పెల్ గ్రాంటు (తక్కువ ఆదాయ కుటుంబాల విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే సాయం) పొందుతున్న డిగ్రీ విద్యార్థులు విదేశాల్లో చదువు కోసం అమెరికా ప్రభుత్వం ఇచ్చే గిల్మన్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. ఎఫ్-1 వీసా (విదేశీ విద్యార్థులకు అమెరికా ఇచ్చే వీసా) మీద ఉన్నవారికి అది వర్తించదు. వారు తమ విశ్వవిద్యాలయం, ముఖ్యంగా తమ విభాగం ఇచ్చే చిన్న చిన్న ప్రయాణ గ్రాంట్లను అడిగి తెలుసుకోవాలి. అడిగేవారు తక్కువగా ఉండడం వల్లనే అవి మిగిలిపోయే సందర్భాలు ఉంటాయి.

వీసా

మన విద్యార్థుల ప్రయాణం ఆగిపోతే ఎక్కువగా ఆగేది ఇక్కడే కనుక దీనికి కొంత ఓపిక అవసరం. భారత పాస్‌పోర్టు ఉన్నవారు ఇటలీలో తొంభై రోజులు మించకుండా చదివే వేసవి కోర్సుకు షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల సమూహం) స్వల్పకాల వీసా తీసుకోవాలి. ఈ తొంభై రోజుల లెక్క 180 రోజుల గడువులో చూస్తారు, షెంగెన్ దేశాలన్నింటికీ కలిపి చూస్తారు. కాబట్టి కోర్సు ముగిశాక ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ తిరిగే రోజులు కూడా అందులోకే వస్తాయి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలన్నది నియమం. కానీ వేసవి రద్దీలో అపాయింట్‌మెంటు దొరకడమే కష్టం. జూన్ మొదట్లో బయలుదేరేవారు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే పత్రాలన్నీ సిద్ధం చేసుకోవడం క్షేమం.

పెద్దలకు వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. దరఖాస్తు కేంద్రం సేవా రుసుము దీనికి అదనం. పాస్‌పోర్టు గడిచిన పదేళ్లలో జారీ అయినదై, షెంగెన్ దేశాల నుంచి తిరిగి బయలుదేరే తేదీ తరువాత కనీసం మూడు నెలలు చెల్లుబాటై, రెండు ఖాళీ పేజీలతో ఉండాలి. వైద్య బీమా కనీసం 30,000 యూరోల మేరకు షెంగెన్ దేశాలన్నింటిలో వర్తించాలి. కోర్సులో ప్రవేశం ఇచ్చిన లేఖ, బస వివరం, రానుపోను విమాన రిజర్వేషన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేయాలి. తల్లిదండ్రులు ఖర్చు పెడుతుంటే వారి లేఖ, వారి ఆదాయ పత్రాలు, వారితో మీ సంబంధాన్ని చూపే ఆధారం కావాలి. ఇక్కడ ఇంటిపేరు పేచీ పెడుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి బ్యాంకు ఖాతాలో పొడి అక్షరంగా ఉంటే, ఒకే మనిషివని నిరూపించే కాగితం ముందే జతచేయండి.

అమెరికాలో ఎఫ్-1 మీద ఉన్నవారికి ఇంకొక మెలిక ఉంది. తాము నివసించే రాష్ట్రం ఏ ఇటలీ కాన్సులేట్ పరిధిలోకి వస్తుందో అక్కడికే దరఖాస్తు చేయాలి. అంతకంటే ముఖ్యంగా, తిరిగి అమెరికాలోకి రావడానికి చెల్లుబాటయ్యే ఎఫ్-1 వీసా స్టాంపు, ఐ-20 (విశ్వవిద్యాలయం ఇచ్చే విద్యార్థి అర్హత పత్రం) మీద ప్రయాణ సంతకం ఉండాలి. వీసా స్టాంపు గడువు ముగిసినా అమెరికా లోపల చదువుకోవడానికి ఇబ్బంది లేదు గనుక చాలామంది దాన్ని పట్టించుకోరు. ఇటలీ వెళ్లాలనుకున్నప్పుడు మాత్రం అదే మొదటి అడ్డంకి అవుతుంది. దరఖాస్తు చేయక ముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో కూర్చుని ఈ సంగతి మాట్లాడాలి. అమెరికా పాస్‌పోర్టు ఉన్న పిల్లలకు తొంభై రోజుల లోపు కోర్సుకు వీసా అక్కర లేదు.

వెళ్లక ముందు చదవవలసినవి

కళాచరిత్ర పరిచయ గ్రంథం ఏదైనా ఒకటి కోర్సు వారే సూచిస్తారు. దాని కంటే ముందు మన విద్యార్థులు పూడ్చుకోవలసిన లోటు కథలది. లేపాక్షి మండపం కప్పు మీద వర్ణచిత్రాలను రామాయణం, భారతం, శివపురాణం వినకుండా పెరిగినవాడు చూస్తే అతనికి వరసలుగా నిలబడ్డ మనుషులు మాత్రమే కనిపిస్తారు. బైబిలు కథలు తెలియకుండా ఫ్లోరెన్స్ చర్చిల్లోకి వెళ్లినవారి సంగతీ అంతే. ఆదికాండం, నలుగురు సువార్తికుల్లో లూకా, మత్తయి రాసినవి, ఇవి తెలుగులోనే చదువుకోవచ్చు. దేవదూత మరియకు శుభవార్త చెప్పడం, ముగ్గురు జ్ఞానులు రావడం, చివరి విందు, సిలువ నుంచి దించడం వంటి ఘట్టాలను చూడగానే పోల్చుకోగలగాలి. క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థులకు ఈ విషయంలో సహజంగానే ఒక అడుగు ముందంజ ఉంటుంది. తోటివారు వారిని అడిగి నేర్చుకోవాలి.

పునీతులను చేతిలోని వస్తువులను బట్టి గుర్తుపడతారు. తాళపుచెవులు పట్టుకున్నవాడు పేతురు, సింహం పక్కనున్నవాడు జెరోము, ఇనుప చువ్వల మంచం పట్టుకున్నవాడు లారెన్స్, విరిగిన చక్రం పక్కనున్నది కేథరిన్, ఒంటె రోమాల వస్త్రం కట్టినవాడు బాప్తిస్మమిచ్చు యోహాను, అత్తరు బుడ్డి పట్టుకున్నది మగ్దలేనా మరియ. శంఖచక్రాలను, త్రిశూలాన్ని చూసి దేవుణ్ణి పోల్చుకోవడం అలవాటైన మనకు ఈ పద్ధతి త్వరగా పట్టుబడుతుంది. వీటితో పాటు గ్రీకు, రోమన్ పురాణ కథలు కొన్నైనా తెలియాలి. అపోలో తరుముతుంటే చెట్టుగా మారిపోయిన దాఫ్నే కథ తెలియకుండా రోములోని బొర్గేజే గ్యాలరీలో బెర్నీని చెక్కిన ఆ పాలరాతి జంట ముందు నిలబడితే, ఆమె వేళ్ల చివర ఆకులు ఎందుకు మొలుస్తున్నాయో అర్థం కాదు.

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉన్నవారు బయలుదేరే ముందు లేపాక్షినో రామప్పనో ఒకసారి నిదానంగా చూసి రావాలని గట్టిగా చెబుతాను. ఒక శిల్పం ముందు అరగంట నిలబడి, కనిపించినది మాటల్లో రాయడం సొంత గడ్డ మీద సాధన చేసినవారికి అక్కడ తడుముకోవలసిన పని ఉండదు. పైగా ఆ రెండు లోకాలు మనం అనుకునేంత దూరమైనవి కావు. విజయనగరాన్ని పదిహేనో శతాబ్దపు తొలి భాగంలో కళ్లారా చూసిన వెనిస్ వ్యాపారి నికోలో దె కాంతి స్వదేశం చేరి చెప్పిన సంగతులను పోపు కార్యదర్శి పొజ్జో బ్రాచ్చొలీని లాటిన్‌లో గ్రంథస్థం చేశాడు. బ్రూనెలెస్కి ఫ్లోరెన్స్ కథీడ్రల్ మీద గుమ్మటం లేపిన తరం అదే.

ఇటాలియన్ భాష కొద్దిగానైనా నేర్చుకోండి. పలకరింపులు, అంకెలు, టికెట్టు అడగడం, తినకూడనివి చెప్పడం వరకు వస్తే చాలు.

ముందుగా టికెట్టు తీసుకోవలసినవి

కోర్సు వారు తీసుకువెళ్లని చోట్లకు మీరే వెళ్లాలనుకుంటే కొన్నింటికి నెలల ముందే జాగ్రత్త పడాలి. మిలాన్‌లో లియొనార్డో ‘చివరి విందు’ ఉన్న గదిలోకి కొద్దిమందిని చొప్పున పదిహేను నిమిషాలు మాత్రమే అనుమతిస్తారు. పాదువాలో జోత్తో చిత్రించిన స్క్రొవేన్యి చాపెల్‌లోకి వెళ్లే ముందు, లోపలి గాలిలో తేమ మారకుండా ఉండేందుకు, వేరే గదిలో కాసేపు కూర్చోబెడతారు. బొర్గేజే గ్యాలరీలో రెండు గంటల విడతలు ఉంటాయి. ఈ మూడింటికీ రిజర్వేషన్ లేకుండా వెళ్లి ప్రయోజనం లేదు. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ, మైకెలాంజెలో దావీదు ఉన్న అకాడెమియా రెండూ సోమవారం మూసి ఉంటాయి. ప్రభుత్వ మ్యూజియంలు నెలలో మొదటి ఆదివారం ఉచితం. డబ్బు మిగులుతుంది కానీ జనం విపరీతం గనుక, చిన్న మ్యూజియంలకు ఆ రోజును వాడుకోవడం తెలివైన పని.

పైసా ఖర్చు లేకుండా చూడగలిగే గొప్ప చిత్రాలూ ఉన్నాయి. రోములో సాన్ లుయీజీ దెయి ఫ్రాంచేజీ చర్చిలో కరవాజ్జో గీసిన మత్తయి చిత్రాలు మూడు, శాంతా మరియా దెల్ పోపొలో చర్చిలో అతనివే మరో రెండు ఉన్నాయి. చిత్రం మీద దీపం వెలగడానికి డబ్బాలో నాణెం వేయవలసిన చాపెల్‌లు ఇటలీలో కొన్ని ఉంటాయి కాబట్టి చిల్లర జేబులో ఉంచుకోండి.

కళాఖండం ముందు నిలబడినప్పుడు

ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు తీసుకోండి. మ్యూజియంలలో పెన్ను కంటే పెన్సిలే క్షేమం. బొమ్మ గీయడం రాకపోయినా ఫరవాలేదు, గీయండి. గీయడానికి ప్రయత్నించిన చెయ్యి కంటిని ఆగి చూసేలా చేస్తుంది. ఫొటో తీయడం చివరి పనిగా పెట్టుకోవాలి, ఫ్లాష్ అసలు వాడకూడదు.

నేను ప్రతి విద్యార్థినీ మొదటి వారంలోనే పంపే చోటు ఫ్లోరెన్స్‌లోని బార్జెల్లో మ్యూజియం. 1401లో అక్కడి బాప్తిస్తరీ (బాప్తిస్మం ఇచ్చే మందిరం) తలుపుల కోసం పోటీ పెట్టినప్పుడు శిల్పులు గిబెర్తి, బ్రూనెలెస్కి పోత పోసిన రెండు కంచు ఫలకాలు అక్కడ పక్కపక్కన ఉంటాయి. విషయం ఇద్దరికీ ఒక్కటే: దేవుని ఆజ్ఞ మీద అబ్రహాము తన కొడుకు ఇస్సాకును బలి ఇవ్వబోవడం. నాలుగు రేకుల చట్రం, కొండ, గాడిద, పొట్టేలు, ఇద్దరు సేవకులు అన్నీ ఇద్దరికీ సమానమే. బ్రూనెలెస్కి ఫలకంలో తండ్రి ఒక చేత్తో కొడుకు మెడ వెనక్కి విరిచి పట్టుకున్నాడు, కత్తి గొంతు దాకా వచ్చింది, దేవదూత దూసుకువచ్చి తండ్రి మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. కింద మూలలో ఒక సేవకుడు ఇదేమీ పట్టనట్టు కాలిలో ముల్లు తీసుకుంటున్నాడు. గిబెర్తి ఫలకంలో కత్తి ఇంకా గాలిలోనే ఉంది, దేవదూత దూరం నుంచే వస్తున్నాడు, ఇస్సాకు మొండెం ప్రాచీన రోమన్ శిల్పంలా నున్నగా, నిండుగా ఉంది. కొండ ఏటవాలుగా దిగి సేవకులను ఒక వైపు, బలిని ఒక వైపు విడదీసింది. గిబెర్తి తన ఫలకాన్ని దాదాపు ఒకే పోతగా పోశాడు, కంచు తక్కువ పట్టింది; బ్రూనెలెస్కి బొమ్మలను విడిగా పోసి పలకకు బిగించాడు. పని గిబెర్తికి దక్కింది. ఎవరికి ఇవ్వవలసిందో మీరు నిర్ణయించి, కారణాలు ఒక పేజీ రాసి, ఆ తరువాత మాత్రమే ఆచార్యులు చెప్పేది వినండి. ఈ ఒక్క పనితో చూపు పదునెక్కుతుంది.

అక్కడి నుంచి నడిచి శాంతా మరియా నొవెల్లాకు వెళ్లి మసాచ్చో ‘త్రిత్వం’ ముందు నిలబడాలి. దగ్గరికి కాదు, మొదట వెనక్కి వెళ్లాలి. చిత్రంలోని గీతలన్నీ కలుసుకునే బిందువు సుమారుగా చూసేవారి కంటి ఎత్తున, సిలువ అడుగు దగ్గర ఉంటుంది. సరైన దూరంలో నిలబడితే చదునైన గోడ లోపలికి తెరుచుకుని కమాను కప్పు ఉన్న గది కనిపిస్తుంది. తరువాత దగ్గరికి వెళ్లి చూస్తే, కప్పు గళ్ల కోసం తడి పూత మీద దారం ఒత్తి గీసుకున్న గీతలు కంటికి ఆనుతాయి. కింద అస్థిపంజరం, దాని పైన ‘మీరున్నట్టే నేనూ ఉండేవాణ్ణి, నేనున్నట్టే మీరూ ఉంటారు’ అన్న అర్థం వచ్చే మాట చెక్కినట్టు ఉంటుంది. పదహారో శతాబ్దంలో చిత్రకారుడు, వాస్తుశిల్పి వాసారి ఈ చిత్రానికి అడ్డంగా బలిపీఠం కట్టించడంతో దాదాపు మూడు వందల ఏళ్లు ఇది లోకానికి కనపడలేదు.

ఫ్రెస్కో ఎలా తయారవుతుందో తెలుసుకుంటే గోడలు ఇంకా మాట్లాడతాయి. తడి ఆరని సున్నపు పూత మీద నీటిలో కలిపిన రంగు వేస్తే, సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని తిరిగి రాయిగా మారుతూ రంగును తనలో బిగించుకుంటుంది. అందువల్ల ఒక రోజులో వేయగలిగినంత మేరకే పూత పూసేవారు. ఆ రోజుపనుల అంచులు పక్క నుంచి వెలుగు పడినప్పుడు కనిపిస్తాయి, తల ఒక రోజు, ఆకాశం ఒక రోజు అని లెక్కపెట్టవచ్చు. నీలం రంగును తరచు ఆరాక పైన వేసేవారు, అందుకే మరియ పైవస్త్రం చాలాచోట్ల రాలిపోయి ఉంటుంది. లియొనార్డో ‘చివరి విందు’ను ఆరిన గోడ మీద వేయడం వల్ల అది అతని జీవితకాలంలోనే పొరలు లేవడం మొదలైంది.

బ్రూనెలెస్కి గుమ్మటం ఎక్కడానికి 463 మెట్లు. 1420లో మొదలై 1436లో ముగిసిన ఆ నిర్మాణానికి కింద నుంచి కొయ్య ఆధారం కట్టలేదు. లోపలి, బయటి రెండు పెంకుల మధ్య సందులోంచే మెట్లు పోతాయి కాబట్టి, ఇటుకలను చేపముల్లు వరసలో పేర్చి బరువును ఎలా నిలిపాడో చెయ్యి ఆనించి చూడగలిగే దూరంలో ఉంటుంది. మోకాళ్ల నొప్పులు, ఇరుకు చోట భయం ఉన్నవారు దీన్ని వదిలేయవచ్చు. కథీడ్రల్ మ్యూజియంలో గిబెర్తి తలుపుల అసలు ఫలకాలు చూస్తే ఆ రోజు ఏమాత్రం వృథా కాదు.

తిండి, ఎండ, రైలు

శాకాహారులకు ఇటలీ కష్టమైన దేశం కాదు. టస్కనీలో చిక్కుడు గింజలు, ఆకుకూర, పాత రొట్టె కలిపి వండే రిబొల్లీతా, టమాటా రొట్టెతో చేసే పాప్పా అల్ పొమొదోరో కడుపు నింపుతాయి. మాంసపు రసం వేశారేమో ఒక మాట అడగాలి. పార్మెజాన్ జున్నును దూడ కడుపు నుంచి తీసిన పదార్థంతో తోడు పెడతారు కాబట్టి కట్టుదిట్టంగా ఉండేవారు దాన్ని వద్దని చెప్పాలి. జున్ను లేని మరినారా పిజ్జా, వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండు మిరపతో చేసే పాస్తా వారికి నిశ్చింత. వంటగది ఉన్న బస దొరికితే సాంత్ అంబ్రోజో బజారులో కూరగాయలు కొని వండుకోవచ్చు; చింతపండు, కారం, పచ్చళ్లు కొంచెం వెంట తీసుకువెళితే చాలు. రాత్రి భోజనం ఏడున్నరకు ముందు హోటళ్లలో దొరకడం అరుదు. బారులో నిలబడి తాగే కాఫీ కంటే కూర్చుని తాగేదానికి ధర ఎక్కువ.

జూలైలో ఫ్లోరెన్స్ ఎండ 35 డిగ్రీలు దాటడం మామూలే, పాత ఇళ్లలో ఏసీ ఉండకపోవచ్చు. మన ఊళ్లలో చేసినట్టే పొద్దున్నే బయటి పని ముగించుకుని, మధ్యాహ్నం కిటికీ రెక్కలు మూసి, సాయంత్రం మళ్లీ బయలుదేరండి. చర్చిల్లో భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. సంచిలో ఒక చున్నీ ఉంటే సరిపోతుంది. ప్రాంతీయ రైళ్ల కాగితం టికెట్టును ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా కట్టాలి. స్టేషన్లలో, రద్దీ బస్సుల్లో జేబుదొంగలు ఉంటారు. ఆగస్టు 15న జాతీయ సెలవు, దాని చుట్టూ చిన్న దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయాలి.

తిరిగి వచ్చే ముందు

సిలబస్, రాసిన వ్యాసాలు, మార్కులు వేసిన పేపర్లు అన్నీ దాచుకోండి. క్రెడిట్లు జమ చేసే కార్యాలయం అవి అడగవచ్చు. పై చదువులకు సిఫారసు లేఖ కావాలనుకుంటే ఆచార్యులను అక్కడ ఉండగానే అడగాలి, మీ నోటుపుస్తకం ఆయన చేతికి ఇచ్చి చూడమనాలి. ముగింపు వ్యాసాన్ని ఇంటికి వచ్చాక రాద్దామని వాయిదా వేయవద్దు. చివరి వారం మొదట్లోనే ముసాయిదా పూర్తి చేస్తే, రాస్తుండగా సందేహం వచ్చిన ప్రతి చోటికీ, ఆ దేవదూత చెయ్యి మణికట్టు మీదే ఉందా, ఆ నీలం ఎక్కడి వరకు రాలింది అన్న వాటికి, మర్నాడు నడిచి వెళ్లి చూసి వచ్చి సరిదిద్దుకోవచ్చు.